సైలెన్సర్ మారిస్తే పెట్రోలు సెట్టింగూ మార్చాల్సిందేనా?

కడపలో మద్రాసు రోడ్డు మీద సాయంత్రం పూట కాసేపు నిలబడితే చాలు, 150, 160 సీసీ బండ్లే ఎన్ని గొంతులతో పోతాయో తెలుస్తుంది. కొన్నిటికి సైలెన్సర్ మారి ఉంటుంది. కొన్నిటికి గాలి ఫిల్టర్ డబ్బా పీకేసి, ఆ చోట డబ్బా లేకుండా బయటికే ఉండే కోన్ ఫిల్టర్ తగిలించి ఉంటారు. ఈ పనులు చేయించిన కుర్రాళ్లు కొన్నాళ్లకు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, సైలెన్సర్ మార్చినా. ఇప్పుడు ట్యూనింగ్ కూడా చేయించాల్నా?"

ట్యూనింగ్ అంటే గాలికి తగ్గట్టు పెట్రోలు పాళ్లు సరిచేయడం. ఈ ప్రశ్నకు ఊళ్లో రెండు జవాబులు తిరుగుతున్నాయి. "ఎఫ్ఐ బండి కదబ్బా, అదే సర్దుకుంటాది" అనేది ఒకటి (ఎఫ్ఐ అంటే బండిలోని కంప్యూటర్ లెక్కకట్టి పెట్రోలు చిమ్మే పద్ధతి). "రీమ్యాప్ చేయించకపోతే పిస్టన్ కాలిపోతాది" అనేది రెండోది (రీమ్యాప్ అంటే ఆ కంప్యూటర్‌లోని పెట్రోలు పట్టిక మార్చడం). మొదటిది చెప్పేవాళ్లు సైలెన్సర్ అమ్మేవాళ్లు, రెండోది చెప్పేవాళ్లు ట్యూనింగ్ డబ్బా అమ్మేవాళ్లు. ఇద్దరూ మీటరు పెట్టి కొలిచి చెప్పరు. ట్యూనింగ్ కావాలా వద్దా అన్నది బిగించిన సామాను పేరు చూసి తేల్చే విషయం కాదు. ఇంజిన్‌లోకి పోయే గాలి నిజంగా పెరిగిందా, పెరిగితే దానికి సరిపడా పెట్రోలు అందుతోందా, ఇదొక్కటే చూడాలి. అలా చూస్తే, మన దగ్గర చిన్న బండ్లకు చేయించే మార్పుల్లో ఎక్కువ భాగం పెట్రోలు లెక్కను పెద్దగా కదిలించవు. కదిలించేవి వేరే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ అడగరు, అదే నా బాధ.

సైలెన్సర్ మారిస్తే జెట్ (కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న బెజ్జం ముక్క) మార్చాల్సిందే అన్న మాట మన మెకానిక్కులకు ఆర్ఎక్స్ 100 నేర్పింది. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆ యమహా బండి 98 సీసీ టూస్ట్రోక్, 11 హార్స్‌పవర్. టూస్ట్రోక్ ఇంజిన్‌లో పొగ పోయే దారిని తెరిచి మూయడానికి వేరే వాల్వు ఉండదు. సిలిండర్ గోడకు ఉన్న రంధ్రాన్ని పిస్టనే తెరుస్తుంది, పిస్టనే మూస్తుంది. కొత్త గాలి, పెట్రోలు లోపలికి వస్తున్నప్పుడే పొగ దారి కూడా తెరిచి ఉంటుంది కాబట్టి, వచ్చినదాంట్లో కొంత నేరుగా సైలెన్సర్‌లోకి జారిపోతుంది. సైలెన్సర్ లోపలి ఆకారం నుంచి వెనక్కి తిరిగొచ్చే పీడన తరంగం దాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెట్టాలి. అంటే ఆ బండికి సైలెన్సర్ ఇంజిన్‌లో ఒక భాగం. పొడవు, లావు కాస్త మారినా సిలిండర్‌లో నిలిచే గాలి మారిపోతుంది, జెట్ మార్చకపోతే మిశ్రమం లీన్ అయి, అంటే గాలికి సరిపడా పెట్రోలు అందక, పిస్టన్ పట్టేస్తుంది. ఆ తరం మేస్త్రీలు చెప్పింది ఆ బండికి అక్షరాలా నిజం. కానీ ఇప్పుడు మన కింద ఉన్నవి ఫోర్‌స్ట్రోక్ బండ్లు. వీటిలో లోపలి వాల్వు, బయటి వాల్వు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం చాలా కొద్ది. సైలెన్సర్ ప్రభావం ఉంటుంది, కానీ ఆర్ఎక్స్ 100లో ఉన్నంత ఉండదు. పాత బండి భయాన్ని కొత్త బండికి తగిలించి డబ్బులు గుంజడం నాకు నచ్చడం లేదు.

చిన్న ఇంజిన్ ఎంత గాలి తాగుతుందో ఒకసారి లెక్క వేద్దాం. స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ. ఫోర్‌స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 8000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 4000 సార్లు. సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండిందనుకున్నా నిమిషానికి 389 లీటర్లు, అంటే సెకనుకు ఆరున్నర లీటర్లు. నిజానికి అంత నిండదు, ఇంకా తక్కువే. శుభ్రంగా ఉన్న కంపెనీ పేపర్ ఫిల్టర్‌కు ఈ గాలి ఒక లెక్క కాదు. గాలికి అసలు అడ్డు ఫిల్టర్ దగ్గర లేదు, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ బాడీ లేదా కార్బరేటర్ నోటి దగ్గర, వాల్వు సైజు దగ్గర, ఆ వాల్వును తెరిచే క్యామ్ దగ్గర ఉంది. వీధి గేటు ఎంత బార్లా తెరిచినా ఇంటి వాకిలి సన్నదైతే లోపలికి పోయే మనుషుల సంఖ్య పెరగదు. అందుకే చిన్న బండికి ఫిల్టర్ ఒక్కటే మార్చి గాలి పెరిగిందని, దానికి ట్యూనింగ్ కావాలని ఎవరైనా చెప్తే నేను నమ్మను. దుమ్ము పట్టి మూసుకుపోయిన పాత ఫిల్టర్ తీసి కొత్త కంపెనీ ఫిల్టరే వేసినా పికప్‌లో తేడా తెలుస్తుంది. ఆ తేడాను కోన్ ఫిల్టర్ ఖాతాలో వేసుకునేవాళ్లు చాలామంది.

కోన్ ఫిల్టర్ విషయంలో నాకు ఇంకో రెండు అభ్యంతరాలున్నాయి. ఫిల్టర్ డబ్బా ఉత్త ప్లాస్టిక్ డబ్బా కాదు. దాని ఘనపరిమాణం, దానిలోకి పోయే గొట్టం పొడవు కంపెనీవాళ్లు లెక్క కట్టి పెడతారు, నడుమ ఆర్‌పీఎంలలో లాగుడు రావడానికి. అది పీకేస్తే ఊళ్లో తిరిగే వేగాల దగ్గరే బండి మెత్తబడుతుంది. శబ్దం పెరుగుతుంది కాబట్టి పవర్ పెరిగినట్టు అనిపిస్తుంది. రెండోది వేడి. కడపలో మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఇంజిన్ పక్కన వేలాడే కోన్ ఫిల్టర్ పీల్చేది ఆ గాలి కూడా కాదు, ఇంజిన్ రెక్కల (ఫిన్నుల) మీదుగా వచ్చిన 60 డిగ్రీల గాలి. 44 నుంచి 60కి వేడెక్కితే గాలి దాదాపు 5 శాతం పలచబడుతుంది. తెరిచి సంపాదించింది ఏదైనా ఉంటే అది అక్కడే పోయింది. ఇక ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు లేపే దుమ్ములో ఫిల్టర్ డబ్బా లేని బండి నడపడమంటే రింగులు, బోరు చేతులారా అరగదీసుకోవడమే. మంచి ఫిల్టరే వేసినా డబ్బా లేకపోతే దుమ్ము నేరుగా దాని మీదే పడుతుంది, తొందరగా మూసుకుపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్నకు వద్దాం. ఎఫ్ఐ బండి నిజంగా "అదే సర్దుకుంటుందా"?

2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక మన చిన్న బండ్లు దాదాపు అన్నీ కార్బరేటర్ వదిలేసి ఎఫ్ఐకి మారాయి. ఎంత గాలి పోతోందో బండి కంప్యూటర్, అంటే ఈసీయూ, నేరుగా కొలవదు. చాలా కార్లలో దానికోసం ప్రత్యేకంగా ఒక సెన్సర్ ఉంటుంది, చిన్న బండ్లలో పెట్టరు. యాక్సిలరేటర్ ఎంత తిప్పారు, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఇన్‌టేక్ గొట్టంలో పీడనం ఎంత, గాలి వేడి ఎంత, ఇవి చూసి కంపెనీ ముందే రాసిపెట్టిన పట్టికలోంచి గాలిని అంచనా కడుతుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఫిల్టర్ మార్చడం వల్ల గాలి సులువుగా వస్తే ఇన్‌టేక్ గొట్టంలో పీడనం కాస్త పెరుగుతుంది. పీడనం చూసే బండి అయితే అది ఈసీయూకి కనిపిస్తుంది, పెట్రోలు కూడా తనే కాస్త పెంచుతుంది. సైలెన్సర్ సంగతి అలా కాదు. పొగ తేలిగ్గా పోతే సిలిండర్‌లో మిగిలే పాత పొగ తగ్గి, ఆ చోటులోకి కొత్త గాలి వస్తుంది. ఇన్‌టేక్ పీడనం మాత్రం అంతే ఉంటుంది. ఆ పెరుగుదల ఈసీయూ పట్టికలో ఎక్కడా లేదు, దానికి తెలియదు. ఫిల్టర్ కన్నా సైలెన్సర్ గురించి ఎక్కువ ఆలోచించాల్సింది ఇందుకే.

మరి ఓ2 (ఆక్సిజన్) సెన్సర్ ఉంది కదా అంటారు. ఉంది. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పోయే బెండు పైపులో కూర్చుని, పొగలో ఆక్సిజన్ మిగిలిందో లేదో చెబుతుంది. కానీ ఇది చెప్పగలిగేది "ఎక్కువ", "తక్కువ" అని రెండే మాటలు. గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయిన చోట దాని వోల్టేజీ 0.45 దగ్గర ఉంటుంది. రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయితే 0.9 వైపు, లీన్ అయితే 0.1 వైపు దూకుతుంది. బండి నిలబడి ఐడిల్‌లో ఉన్నప్పుడు, 50, 60 వేగంలో నిలకడగా పోతున్నప్పుడు ఈసీయూ దీని మాట విని పెట్రోలు సర్దుతుంది. ఆ మేరకు "అదే సర్దుకుంటాది" అన్నవాళ్లు చెప్పింది నిజమే. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం ఈసీయూ ఈ సెన్సర్‌ను పక్కన పెట్టేస్తుంది. ఎందుకంటే పూర్తి పవర్ కావాలంటే మిశ్రమం కాస్త రిచ్‌గా ఉండాలి, పెట్రోలు లెక్కలో 12.5 నుంచి 13 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు. అక్కడ ఎంత రిచ్‌గా ఉందో ఈ సెన్సర్ చెప్పలేదు. పట్టికలో ఏముంటే అది పోస్తుంది, అంతే.

కాబట్టి ప్రమాదం ఏదైనా ఉంటే అది యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిన చోట ఉంది. ఎంత ప్రమాదమో లెక్క చూడండి. కంపెనీ అక్కడ 12.8 పెట్టిందనుకుందాం. డబ్బా ఫిల్టర్ అలాగే ఉంచి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కదిలించకుండా, వెనకాల సైలెన్సర్ ఒక్కటి మారిస్తే గాలి మూడు శాతం పెరిగిందనుకుందాం. చిన్న ఇంజిన్‌కు అది కూడా ఎక్కువే. 12.8 కాస్తా 13.2 అవుతుంది. ఇంజిన్‌కు ఏమీ కాదు, ఇంకా పవర్ మిశ్రమం దగ్గరలోనే ఉంది. ఇలాంటి బండికి వేలకు వేలు పోసి రీమ్యాప్ చేయించడం దండగ అని గట్టిగా చెప్తాను. అదే బెండు పైపు నుంచి మొత్తం మార్చి, కన్వర్టర్ తీసేసి, ఫిల్టర్ డబ్బాకు బెజ్జాలు కొట్టి, గాలి పది శాతం పెంచారనుకోండి. 12.8 కాస్తా 14 దాటుతుంది. పూర్తి లోడు మీద అది లీనే. అప్పుడు రీమ్యాప్ కావాల్సిందే, తప్పించుకునే దారి లేదు.

ఇంకో సంగతి. స్ప్లెండర్, పల్సర్ 150 లాంటి బండ్లలో బెండు పైపు, సైలెన్సర్ కలిపి ఒకే ముక్కగా వస్తాయి. వెనక భాగం ఒక్కటే మార్చడం అంటే కోసి వెల్డింగ్ చేయించడమే, చాలాసార్లు దాంతోపాటు కన్వర్టర్ కూడా పోతుంది. కుర్రాడు సైలెన్సరే కదా మార్చింది అనుకుంటాడు, నిజానికి మొత్తం సిస్టం మారిపోయి ఉంటుంది. బండికి ఏం పోయిందో తెలుసుకోకుండా ట్యూనింగ్ కావాలా అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

మా అక్క కొడుకు పోయినేడు తన 160 బండికి సైలెన్సర్ మార్పించాడు. కొన్నాళ్లకు మా ఇంటికొచ్చి, "మామా, మైలేజీ పడిపాయ. గేరు దించితే పటపటా కొడతాంది. షాపాయన రీమ్యాప్ చేయించాలంటన్నాడు" అన్నాడు. బండి చల్లారాక బెండు పైపు సిలిండర్‌కు కలిసే చోట చూస్తే చుట్టూ నల్లటి మసి. పాత ప్యాకింగే మళ్లీ వేసి బిగించారు. అక్కడ లీకుంటే ఏమవుతుందంటే, పొగ దెబ్బదెబ్బకీ మధ్య పైపులో పీడనం పడిపోయి బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి ఓ2 సెన్సర్‌కు తగులుతుంది. ఇంజిన్ లీన్ అయిందని సెన్సర్ పొరబడుతుంది, ఈసీయూ పెట్రోలు పెంచేస్తుంది. మైలేజీ పడిపోయింది అందుకే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు, లీకులోంచి వచ్చిన గాలి వేడి సైలెన్సర్‌లో కలిసి పేలుతుంటాయి. కొత్త ప్యాకింగ్ వేసి రెండు నట్లూ సమంగా బిగిస్తే మైలేజీ తిరిగొచ్చింది, పటపట పోయింది. ఆ షాపులో చెప్పినట్టు రీమ్యాప్ చేయించి ఉంటే, లీకు ఉన్న బండికి తప్పుడు లెక్క రాయించుకునేవాడు. పైగా లీకు అలాగే ఉండేది. దీన్ని ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతిని ఒక్క క్షణం అడ్డుకుంటే లీకున్న చోట బుస్సుమని వినిపిస్తుంది. పాత కార్బరేటర్ బండ్లలో కొన్నిటికి పొగలోకి కావాలనే బయటి గాలి పంపే ఏర్పాటు కూడా ఉంటుంది, కాలకుండా మిగిలింది కాల్చడానికి. ఓపెన్ సైలెన్సర్ వేస్తే అది కూడా అలాగే పటపటమంటుంది. పటపట వినపడగానే లీన్ అని తీర్మానించకూడదు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని సంగతి. సైలెన్సర్ కన్నా మన బంకులో పోసే పెట్రోలే పెద్ద మార్పు తెచ్చింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది, 2025 నాటికి దేశమంతా అదే మామూలైపోయింది. ఒక గ్రాము అచ్చ పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి సుమారు 9 గ్రాములు చాలు. 20 శాతం కలిస్తే ఆ లెక్క 13.5 దగ్గరకు దిగుతుంది. అంటే అచ్చ పెట్రోలు కోసం జెట్ పెట్టిన పాత కార్బరేటర్ బండి, ఒక్క బోల్టు కూడా మార్చకుండానే, ఏడెనిమిది శాతం లీన్ అయిపోయింది. సైలెన్సర్ వల్ల మూడు శాతం మారుతుందని టెన్షన్ పడే కుర్రాడి బండి ఒకవైపు, పాలు పోసే ఆయన 2012 నాటి బండి ఇంకోవైపు. నన్నడిగితే పెట్రోలు సెట్టింగ్ ముందు కావాల్సింది పాలాయన బండికి. పొద్దున స్టార్ట్ కావడానికి సతాయించడం, యాక్సిలరేటర్ తిప్పగానే ఒక్క క్షణం ఆగి లాగడం, చోక్ వేస్తే నిమ్మళంగా నడవడం, ఇవన్నీ లీన్ లక్షణాలే. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది. కాబట్టి ఇంజిన్ వెంటనే దెబ్బతినదు. అయినా ఆ బండి సరిగ్గా నడవడం లేదు, దాని యజమాని "బండి పాతదైపోయింది" అని సర్దుకుంటున్నాడు.

10 శాతం ఇథనాల్ కోసం పట్టిక రాసిన తొలి బీఎస్6 బండ్ల పరిస్థితి మధ్యస్థం. నిలకడగా పోయేటప్పుడు ఓ2 సెన్సర్ సర్దుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు నాలుగు శాతం దాకా లీన్ వైపు జరిగే వీలుంది. ఇందాక 12.8 నుంచి 13.2 దాకా పోయినా ఏమీ కాదన్నాను చూడండి, ఈ బండ్లలో ఆ మిగులులో కొంత ఇథనాల్ ముందే తినేసింది. దాని మీద పూర్తి సిస్టం, కోన్ ఫిల్టర్ కలిపి వేసేవాళ్లు రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి.

ఈ జాగ్రత్త ఎక్కడ అక్కరకొస్తుందో మన జిల్లా వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. మే నెల మధ్యాహ్నం, వెనక ఒక మనిషి, ఒక సంచి, 160 బండి రెండో గేరులో, మూడో గేరులో పూర్తిగా తిప్పి ఎక్కాలి. ఊళ్లో ఎన్నాళ్లు తిరిగినా కనపడని లీన్ అక్కడ బయటపడుతుంది. మొదట బాగానే లాగి, వేడెక్కాక పస తగ్గడం, ఇంజిన్‌లోంచి సన్నగా టకటకా కొట్టుకునే శబ్దం రావడం, గుర్తులు ఇవి. అలా వస్తే గేరు దించి, యాక్సిలరేటర్ తగ్గించి, బండి పక్కన ఆపి చల్లారనివ్వాలి. పైన కోవా అంగళ్ల దగ్గర ఎలాగూ ఆగేదే కదా.

పూర్తి సిస్టం వేసినవాళ్లకు నిజంగా ట్యూనింగ్ కావాలని చెప్పాను. అయితే ట్యూనింగ్ పేరుతో దొరికేదంతా ట్యూనింగ్ కాదు. ఓ2 సెన్సర్ వైరు మధ్యలో పెట్టి, దాని సంకేతాన్ని మార్చి, లీన్ అయిందని ఈసీయూని నమ్మించే చిన్న డబ్బాలు చౌకగా దొరుకుతాయి. ఇవి పనిచేసేది ఈసీయూ ఆ సెన్సర్ మాట వినే చోట, అంటే నిలకడగా పోయేటప్పుడు. అక్కడ ముందునుంచీ ఇబ్బందే లేదు. అసలు ఇబ్బంది ఉన్న పూర్తి యాక్సిలరేటర్ దగ్గర ఈసీయూ ఆ సెన్సర్‌నే చూడదు. ఊళ్లో అవసరం లేని పెట్రోలు తాగించి, ఘాట్‌లో అవసరమైన చోట ఇవ్వని వస్తువుకు డబ్బు పెట్టడం నాకు అస్సలు అర్థం కాదు. సరైన పద్ధతి ఒకటే. బెండు పైపులో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, ప్రతి ఆర్‌పీఎం దగ్గర మిశ్రమం ఎంతుందో అంకెల్లో రాసుకుని, ఆ అంకెల ప్రకారం కంపెనీ ఈసీయూకి తోడుగా తగిలించే పిగ్గీబ్యాక్ ఈసీయూతోనో, ఉన్న ఈసీయూలో పట్టిక మార్చో సరిచేయడం. మన చుట్టుపక్కల ఆ పని బాగా చేసేవాళ్లు కావాలంటే బెంగళూరు పోవాలి. పవర్‌ట్రానిక్ లాంటి పిగ్గీబ్యాక్‌లు తయారయ్యేది కూడా అక్కడే. కొలవకుండా "మీ బండికి సరిపోయే మ్యాప్ ఇది" అని ఎక్కించి పంపేవాళ్ల దగ్గర చేయించడం కంటే కంపెనీ పట్టికతో ఉండటమే మేలు.

ఇంత ఖర్చు పెట్టి ఏం వస్తుంది? 15 హార్స్‌పవర్ బండికి అన్నీ సరిగ్గా కుదిరితే ఒక హార్స్‌పవర్ అటూ ఇటుగా. ఘాట్ ఎక్కే లాగుడే కావాలనుకుంటే ముందు స్ప్రాకెట్ 14 పళ్లది తీసి 13 పళ్లది వేయండి. చక్రం దగ్గర లాగుడు ప్రతి గేరులో ఏడున్నర శాతానికి పైగా పెరుగుతుంది. ఇంజిన్‌ను, పెట్రోలును, కన్వర్టర్‌ను తాకక్కర్లేదు. పై వేగంలో కొంత తగ్గుతుంది, మైలేజీ కాస్త పడుతుంది, అంతే.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే చాలామందికి జరిమానా అంటే వెయ్యి రూపాయలే అన్న భ్రమ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణం మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత శబ్దం, పొగ నిబంధనలు మీరితే 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు పోవడం కూడా ఉన్నాయి. 80 నుంచి 175 సీసీ బండ్లకు తయారీ దగ్గర పెట్టిన శబ్ద పరిమితి 77 డెసిబెల్స్. కన్వర్టర్ తీసిన ఓపెన్ పైపు ఆ దరిదాపుల్లో ఉండదు. అర్ధరాత్రి ఆ శబ్దానికి ఉలిక్కిపడి లేచే పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లు కడప ఏడురోడ్ల కూడలి చుట్టూ ఎన్ని ఉన్నాయో ఆలోచించమని కుర్రాళ్లను నిజంగా వేడుకుంటున్నాను.

మళ్లీ కార్బరేటర్ బండ్ల దగ్గరకు వస్తాను. ఆ యజమానుల చేతిలో చేసుకోగల పని ఉంది, ఖర్చు కూడా తక్కువ. ముందు వాల్వు క్లియరెన్స్, ప్లగ్గు, ఫిల్టర్, ఇన్‌టేక్ రబ్బరు చూపించుకోండి. ఇన్‌టేక్ రబ్బరు పగిలినా బండి లీన్ అవుతుంది. జెట్ల జోలికి పోకముందే సగం బండ్లు ఇక్కడే బాగుపడతాయి. ఆ తర్వాత స్క్రూ. మిక్స్చర్ స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే బయటికి తిప్పితే రిచ్, ఫిల్టర్ వైపు ఉంటే బయటికి తిప్పితే లీన్. ఇది తెలియక ఎదురు తిప్పేవాళ్లు చాలామంది. కార్బరేటర్ లోపలి నీడిల్‌కు గీతలుంటే క్లిప్పు ఒక గీత కిందికి దించితే నీడిల్ పైకి లేచి నడుమ వేగాల్లో పెట్రోలు పెరుగుతుంది. మెయిన్ జెట్ మార్చడం అన్నిటికన్నా చివర, అది కూడా ఒక్క సైజే. ఇది చల్లటి పొద్దున చేయించుకోండి. చల్లగాలి చిక్కగా ఉంటుంది. మే మధ్యాహ్నం 44 డిగ్రీల్లో సరిగ్గా కుదిరిన కార్బరేటర్ జనవరి పొద్దున 18 డిగ్రీలకు సుమారు నాలుగు శాతం లీన్ అవుతుంది. ప్లగ్గు రంగు చూసి చెప్పడం పాత పద్ధతి. ఇప్పటి పెట్రోలుతో ఆ రంగు ఏర్పడటానికే చాలా దూరం నడవాలి, ఐడిల్‌లో కాసేపు నిలబెట్టినా మారిపోతుంది. దాని మీద పూర్తి భరోసా పెట్టలేం.

కొలిచే మీటరు మాత్రం ఊరూరా ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోట సైలెన్సర్‌లో పెట్టే గొట్టం ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) శాతం చెబుతుంది. కన్వర్టర్ లేని పాత బండికి ఆ సీఓ అంకె ఎక్కువుంటే రిచ్, సున్నాకు దగ్గరగా ఉండి బండి సరిగ్గా నిలబడకపోతే లీన్. కన్వర్టర్ ఉన్న బండికి ఈ లెక్క పనికిరాదు, అది సీఓను కాల్చేస్తుంది. ఆర్నెల్లకో ఏడాదికో సర్టిఫికెట్ కోసం ఎలాగూ పోతాం. కాగితం మడిచి కవర్లో పెట్టేసుకోకుండా అందులో సీఓ ఎదురుగా ఉన్న అంకె చదవండి. పక్కనే మెకానిక్‌ను పెట్టుకుని స్క్రూ పావు చుట్టు తిప్పించి, ఇంకోసారి కొలవమని ఆ ఆపరేటర్‌ను అడగండి.